పడుకోబెట్టిన ఆంటెన్నా

అనకాపల్లి దాటాక హైవే పక్కన ఉన్న మా చిన్న రేడియో స్టేషన్ పని ఒక్కటే: ముందు రోడ్డు ఎలా ఉందో లారీవాళ్లకు చెప్పడం. గాలికి ఆంటెన్నా మాటిమాటికీ విరిగిపోతుంటే, స్తంభం అడుగున మడతబందు పెట్టించింది నేనే. తుఫాను కబురు రాగానే కట్టుతీగలు వదులు చేసి, దాన్ని నేలమీద పడుకోబెట్టేవాళ్లం. మళ్లీ నిలబెట్టేదాకా అది పలకదు.

తీగలు పట్టడానికి వచ్చే పక్క పొలం చెరకు రైతు మొదటిసారే అడిగాడు.

"గాలికి పడిపోకుండా మేం చెరకుని జడలు కట్టి నిలబెడతాం మామా. నువ్వేటి, ముందే పడుకోబెట్టేత్తన్నావు? మరి తుఫాన్లో ఇదేటి సెప్తాది?"

నీకు తెలియదులే, తీగ పట్టుకో అని కసిరాను.

మొన్నటి తుఫానుకీ అలాగే చేశాం. గాలి తగ్గాక లేపి చూస్తే ఆంటెన్నా మీద గీత కూడా పడలేదు. పై అధికారి ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. సిగ్గు లేకుండా మురిసిపోయాను.

కాసేపటికే కబురొచ్చింది. గాలివానలో కల్వర్టు మీదికి నీళ్లెక్కి, బెల్లం లారీ ఒకటి కాలవలో పడిపోయిందట. నేను వెళ్లేసరికి డ్రైవరు గట్టుమీద కూర్చుని ఉన్నాడు. లారీలో తోడొచ్చిన అతని బావ ఇంకా దొరకలేదు. రేడియో పెట్టుకుని రావాలని తెలీదా అని ఆ మనిషి మీదే అరిచాను.

"ఎట్టుకునే వచ్చేను బాబూ," అన్నాడు, నీళ్లకేసే చూస్తూ. "ఏటీ సెప్పలేదు కదా, దారి బాగుందనుకున్నాను."