మూసుకుపోయిన ఎడమ కన్ను

మిరపకాయలు కోతకొచ్చిన రోజులు. పర్చూరు దగ్గర మా ఊళ్లో ఏ కళ్లం చూసినా కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. నెలల పిల్ల మా పాప. పొద్దున్న లేచేసరికి దాని ఎడమ కన్ను కాస్త వాచి ఉంది.

"మిరప ఘాటేనే. గాలి ఇటే కొడుతోందిగా," అంది మా అత్తగారు. దోమ కుట్టి ఉంటుందన్నాడు మా ఆయన. నాకు రెండూ నిజమేననిపించింది.

మధ్యాహ్నానికి రెప్ప ఎర్రబడి, పూర్తిగా మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. పాలివ్వబోతే మొహం తిప్పేసుకుంది. పర్చూరులో డాక్టరుగారు రెప్ప విడదీసి చూశారు.

"కనుగుడ్డు ముందుకు తోసుకొస్తోందమ్మా. చుక్కల మందుతో తగ్గేది కాదు. ఇటునుంచి ఇటే గుంటూరు వెళ్లిపోండి."

కంటి జబ్బయితే జ్వరమెందుకు? జ్వరమైతే ఒక్క కన్నే ఎందుకు ఉబ్బింది? కారులో దారంతా అదే ఆలోచన.

గుంటూరు ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ పాప చేతికి సూది పెట్టి మందు ఎక్కించారు. స్కానింగ్ తీయించారు. ఆ తర్వాత ముక్కు డాక్టరొచ్చారు. కన్ను వాస్తే ముక్కు చూస్తారేంటండీ అని అడిగేశాను.

"ముక్కు పక్క ఎముకలో చిన్న ఖాళీ ఉంటుందమ్మా. అక్కడ చీము పట్టి, పల్చటి గోడ దాటి కంటి గూట్లోకొచ్చింది. వదిలేస్తే చూపుకీ, మెదడుకీ ప్రమాదం."

"అయితే ఆపరేషనాండీ?"

"మందుకి లొంగుతుందేమో రేపటిదాకా చూద్దాం."

ఆ వెనకే వచ్చి చూసిన కంటి డాక్టరు మాత్రం ఆగడం మంచిది కాదన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియక మా ఆయన వంక చూశాను. ఆయన నా వంకే చూస్తున్నాడు.

మర్నాటికి వాపు పెరిగింది. మత్తిచ్చి, ముక్కులోంచే చీము తీశారు. బయట బల్ల మీద మా అత్తగారు ప్రార్థన చేస్తోంది. నేను "ప్రభువా" అని, తర్వాత ఏం అడగాలో తోచక అక్కడే ఆగిపోయాను.

మందు ఎక్కుతూనే ఉంది. వాపు తీస్తోందని నర్సమ్మ చెప్పినా నా కంటికి ఆనలేదు. ఒక ఉదయం రెప్ప సన్నగా విడింది. డాక్టరమ్మ టార్చి వేశారు.

"చూపుకేం ఢోకా లేదమ్మా. వెలుతురుకి కంటిపాప చిన్నదవుతోంది, చూడండి."

వంగి చూశాను. నన్ను చూసి నవ్వుతుందనుకుంటే గుక్కపట్టి ఏడ్చింది. ఆకలి! ఆబగా పాలు తాగింది.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ అడిగారు, "ఇలా చీము పట్టడం ఎక్కువగా జలుబుతోనే మొదలవుతుంది. వాపుకి ముందు జలుబేమైనా చేసిందా?"

అత్తగారు చేసిందంది. మా ఆయన లేదన్నాడు. నాకెంత ఆలోచించినా గుర్తు రాలేదు.