బరువు తగ్గడానికి నేను చేసిన ఉపవాస ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, ఆ బుధవారం సాయంత్రం మా ఆరేళ్ల జెస్సీ తన సంగటి ముద్దలో సగం తుంచి తమ్ముడి పళ్లెంలో వేసి, ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని, "మమ్మీ, నేనూ ఉపవాసమే. నా పొట్ట యాడికి పోయిందో చూడు" అన్న క్షణంలోనే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ విద్య నేర్పింది నేనే మరి.

రెండో కాన్పు తర్వాత నేను బాగా ఒళ్లు చేశాను. మా ఆయన తిరుమణి సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే పనికి, పిల్లలు బడికి పోగానే ఫోన్ పట్టుకునేదాన్ని. అందులో ముగ్గురు పిల్లల తల్లినంటూ ఒకామె సన్నటి నడుముతో గంతులు వేసేది. ఆమె వంటింట్లో మసి లేదు, ఆమెకు అత్తగారు ఉన్న జాడ కూడా లేదు. డిగ్రీ చదివాను, వీడియోల్లో మాయ ఉంటుందని నాకు తెలుసు. అయినా అద్దం ముందు నిలబడితే ఆమే పక్కన నిలబడి నవ్వినట్టుండేది.

తిండి మానేస్తే మా అత్తమ్మ ఊరుకోదు కాబట్టి, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఉపవాస ప్రార్థనలో ఉన్నానన్నాను. మా సంఘంలో ఆ మాటకు ఎదురు చెప్పేవారు లేరు. పాస్టరమ్మగారు మురిసిపోయి, ఆదివారం నన్ను అందరి ముందు నిలబెట్టి, ప్రార్థన మనవుల చీటీలన్నీ నా చేతిలో పెట్టారు. నేను వాటిని దిండు కింద దోపి నడుము కొలుచుకున్నాను. పది రోజులకు ఒక అక్క వచ్చి, "నీ ప్రార్థనకే మా బోరులో నీళ్లు పడినాయి పాపా" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ చీటీ నేను విప్పనైనా లేదు. దేవునికే మహిమ, ఆయన నా కోసం ఆగలేదు.

ఇక ఆ బుధవారం, "ఇది నీకెవరు నేర్పినారే?" అని జెస్సీని అడిగాను.

"నువ్వు అద్దం ముందర ఇట్లే చేస్తావు గదా. పొట్ట ఉంటే యేసయ్యకు ఇష్టం లేదా మమ్మీ?"

వాకిట్లో కూర్చున్న అత్తమ్మ, "ఆ ఫోన్లో ఉండే యమ్మ వచ్చి నీ బిడ్డకు ముద్ద తినిపిస్తాదేమో పిలువు" అంది.

"నీకు తెలుసా అత్తమ్మా?"

"తెలీకేం. చెప్తే ఇంటావా నువ్వు? అందుకే దేవునికి చెప్పినా."

పొయ్యి దగ్గరే మోకరించి, "తండ్రీ, నా నడుము సంగతి వదిలెయ్, నా బిడ్డ ముద్ద సంగతి చూడు" అని ఏడ్చాను. నా జీవితంలో అంత నిజమైన ప్రార్థన అదొక్కటే. లేచి అత్తమ్మ పెట్టిందంతా తిన్నాను. జెస్సీ మాత్రం ముట్టలేదు.

ఇప్పటికీ వేలు ఆ వీడియోల వైపు పోతూనే ఉంటుంది, రోజూ ఆయన్నే అడుక్కుని ఆపుకుంటున్నాను. మీలో అద్దం చూసి కుమిలిపోయే తల్లి ఎవరైనా ఉంటే, ఆ దిగులు దాచకుండా మిమ్మల్ని చేసిన ఆయనకే చెప్పండి, నాలాంటి దొంగ భక్తురాలి మొర విన్నవాడు మీది వినకపోడు.

ఆ బుధవారం మరునాడు పొద్దున పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇలా చెప్పాను: "మమ్మీ అబద్ధం చెప్పినాది. అది ఉపవాసం కాదు, ఊరికే ఆకలితో ఉన్న్యా. యేసయ్యకు మీ పొట్టలంటే శానా ఇష్టం. ఇప్పుడు నాకు ఆకలిగా ఉండాది, ఒక్కదాన్నే తినాలంటే భయమైతాది. జెస్సీ, నా పక్కన కూర్చుని తింటావా?"