రౌటర్ల బావ

మా బావ పోయిన సంగతి నాకు ఇంట్లోవాళ్ళు చెప్పలేదు. బోధన్ గోదాములో మూటలు మోసే హమాలీ ఒకాయన ఫోన్ చేసి, "సారూ, మీ బావ లేడిగ. పొద్దున ఛాతీల నొప్పి అన్నడట, దవాఖానకు పోయేలోపే..." అని ఏడ్చాడు. నేను నిజామాబాద్‌లో మా దుకాణంలో కేబులు కొసకు ప్లగ్గు బిగిస్తున్నాను. ఏడుపు రావడానికి ముందే నా మనసులో మెదిలిన మాట ఒకటుంది: నాకంటే ముందు ఈయనకెట్లా తెలిసింది? అక్క ఫోను ఆ తర్వాత వచ్చింది. బావ ఉన్నన్నాళ్ళూ నాలో ఉన్న కుళ్ళు, ఆయన పోయిన ఘడియలో కూడా నన్ను వదల్లేదు.

బావది బోధన్ దగ్గర ఒక క్యాంపు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. ఇంట్లో వాళ్ళమ్మతో "ఏంటమ్మా, తిన్నావా" అనేవాడు. మా గడప దాటగానే "ఏం మామా, మంచిగున్నవా" అయ్యేది. మా బాపుతో మా యాసలో నాకన్నా ఆయనే ముద్దుగా మాట్లాడేవాడు. అక్కా ఆయనా కాలేజీలో ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. మొదటి ఏడాది బాపు ఆయన మొహం చూడలేదు. తర్వాత ఆయన మొహం తప్ప ఇంకెవరిదీ చూడలేదు.

బావదీ నాదీ ఒకటే పని. పసుపు, మక్కజొన్నలు కొనే ఒక వ్యాపారికి నిజామాబాద్‌లో ఆఫీసు, బోధన్, వేల్పూర్, నందిపేట్‌లలో గోదాములు ఉన్నాయి. అన్నిచోట్ల కంప్యూటర్లనూ కలిపే రౌటర్లు మేమే అమర్చాం. ఆ విద్య నాకు నేర్పింది బావే. ఏళ్ళుగా చేస్తున్నా, నువ్వేం పని చేస్తవని బాపు నన్నెన్నడూ అడగలేదు. ఒక ఆదివారం భోజనాల దగ్గర బావను అడిగాడు.

"గా డబ్బాలకు దారి ఎట్ల తెలుస్తది అల్లుడా?"

బావ ఎంగిలి చేత్తోనే మొదలుపెట్టాడు. "దానికి ఊరంతా తెల్వది మామా. పక్కదాన్ని నమ్ముకుంటది. నిజామాబాద్ డబ్బా ‘బోధన్ నాకు ఒక్క మజిలీ’ అని చెప్తది. ‘అయితే నాకు రెండు’ అని వేల్పూర్‌ది రాసుకుంటది. అర నిమిషానికోసారి గట్ల చెప్పుకుంటనే ఉంటయి."

"పక్కది తప్పు చెప్తే?"

"అదీ నమ్ముతది. గదే దీని గుణం, గదే దీని లోపం. అందుకే పదిహేను మజిలీలు దాటితే ఆ ఊరే లేదనుకొమ్మని కట్టడి పెట్టిండ్రు."

మర్నాడు చాయ్ హోటల్లో బాపు పదిమంది ముందు, "మా అల్లుడు డబ్బాలకు దారులు చూపెడతడు" అన్నాడు. నేను పక్కనే కూర్చున్నాను. నా గురించి ఒక్క మాట లేదు. చాయ్ సగంలో వదిలేసి లేచాను.

ఆ తర్వాత బోధన్‌కూ వేల్పూర్‌కూ కొత్త రౌటర్లు వచ్చాయి. ఈసారి నేనొక్కడినే అమరుస్తానని పట్టుబట్టాను. బాపు చెవిన ఒక్కసారైనా నా పేరు పడాలని. అమర్చాక బోధన్ కాసేపు దొరికేది, కాసేపు దొరికేది కాదు. కాంటా చీటీలు నిజామాబాద్‌కు చేరక గోదాము ముందు రైతుల ట్రాక్టర్లు నిలిచిపోయాయి. వైర్లన్నీ మార్చి చూశాను. మధ్యాహ్నం అక్క పంపిన అన్నం గిన్నె పట్టుకొని బావ ఆఫీసుకు వచ్చాడు. నన్ను తినమని, తను తెర మీద దారుల పట్టిక చూస్తూ కూర్చున్నాడు.

"ఇది పుట్టుకతోనే దానికున్న అలవాటు బామ్మర్దీ. చిన్న చిన్న చిరునామాలన్నీ ఒక్క ఇంటిపేరు కింద చుట్టి చెప్తది. ‘గా ఇంటిపేరోళ్ళందరు నా దగ్గర్నే ఉన్నరు’ అని బోధన్ అంటున్నది, వేల్పూర్ గూడ గదే అంటున్నది. నిజామాబాద్ ఏం చేస్తది పాపం, కొన్ని అటు, కొన్ని ఇటు తోలుతున్నది."

అలా చుట్టొద్దని రెండు రౌటర్లలోనూ ఒక్కో లైను రాశాడు. నో ఆటో సమ్మరీ. పాత పట్టిక చెరిపేశాడు. కాసేపటికి బోధన్ పలికింది, మళ్ళీ ఆగలేదు. "మీ బాపు నన్ను గూడ ఏడాదిదాంక క్యాంపోళ్ళ లెక్కల చుట్టేసిండు గద" అని నవ్వాడు. తర్వాత వ్యాపారి దగ్గరికి పోయి, "మా బామ్మర్దే పట్టుకున్నడు" అని చెప్పాడు. సంతోషపడాల్సింది. నాకు ఇంకా మండింది. మంచిపేరు దానం చేసేంత కూడా ఆయన దగ్గరే ఉండె.

తెంపిన తీగముక్కలు ఆయన ఎప్పుడూ కింద పడనిచ్చేవాడు కాదు, చొక్కా జేబులో వేసుకునేవాడు. హమాలీలు చెప్పుల్లేకుండా తిరుగుతారని. ఆ చొక్కాలు ఉతికేటప్పుడు అక్క రోజూ తిట్టేది.

ఆయన పోయిన రోజు నేను క్యాంపులో ఆయన వాకిటికి చేరేసరికి మనుషులు నిండిపోయి ఉన్నారు. బోధన్‌లో గడియారాలు బాగుచేసే ముసలి సాయబు నా చెయ్యి పట్టుకొని, "నాతోని మాట్లాడందే ఆయనకు పొద్దుపోకపోతుండె" అన్నాడు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన పసుపు వ్యాపారి మరాఠీలో ఏదో చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాడు. ప్రతి ఒక్కరూ ఆయన తమకే దగ్గరనుకున్నారు. అన్నాళ్ళూ ఆయన మీద ఉన్న అసూయ అక్కడ వాళ్ళందరి మీదికి మళ్ళింది. మా బావను నన్నడగకుండా ఇంతమంది పంచుకున్నారా అనిపించింది.

దినాలు అయిపోయాక నందిపేట్ గోదాములో రౌటరు మార్చే పని పడింది. నేను బండి తీస్తుంటే బాపు చెప్పులేసుకొని బయటికి వచ్చాడు. "నేను గూడ వస్త" అన్నాడు. నేను పని చేసుకుంటుంటే పసుపు బస్తాల మీద కూర్చున్నాడు. అంతా అయ్యాక, "ఇంత పని నీకు ఆయనే నేర్పిండా?" అని అడిగాడు.

"ఆయనే బాపూ."

"నసీబున్నోనివి బిడ్డా. ఆయన పక్కన గూసొని నేర్చుకున్నవు. నాకు ఆదివారం ఒక్క పూట దొరుకుతుండె. నిన్ను సూస్తే కుళ్ళయితుండె నాకు."

తలుపులోంచి ఎండ పడుతోంది, బయట ఉడికిన పసుపు ఆరబోస్తున్నారు. బాపు లేచి వచ్చి, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు రౌటరు మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.