ఈరక్క చెవుల్లో దూది

కోయిలకుంట్లకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊరికి దయాగుణంలో చుట్టుపక్కల మంచి పేరుండేది. కుష్ఠు సోకిన మనిషిని మేము తరిమేయలేదు. ఊరికి పడమట గుట్ట మీద, పాడుబడిన నాపరాళ్ళ కొట్టంలో ఉండనిచ్చాము. వంతుల ప్రకారం రోజుకొక ఇంటి నుంచి సంగటి పంపాము. ప్రతిగా కోరింది ఒక్కటే: అతను నోరు విప్పకూడదు. అతని గొంతు చెవిన పడితే జబ్బు అంటుకుంటుందని ఊరి సిద్ధాంతం. దీని గురించి వైద్యులను అడిగే అవసరం ఎవరికీ కనిపించలేదు.

సంగటి మోసే పని ఈరక్కది. మొగుడు పోయి, పిల్లలు లేక, పత్తి చేన్లలో కూలికి పోయే మనిషి. ఆమెకు జబ్బు వచ్చినా ఏడ్చేవాళ్ళు లేరు కాబట్టి ఈ పుణ్యకార్యానికి తగినదని పెద్దలు తీర్మానించారు.

మధ్యాహ్నం ఆమె కొట్టం ముందున్న బండ మీద గిన్నె పెట్టి, రాయితో మూడుసార్లు కొట్టి, వెనక్కి చూడకుండా దిగిపోయేది. కాస్సేపటికి వెనకాల మూడు దెబ్బలు వినిపించేవి. అందిందని అర్థం. మరునాటికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది. పన్నెండేళ్ళలో అతని ముఖం ఆమె చూడలేదు. మొదట్లో దెబ్బలు ఖణేల్మనేవి. పోను పోను మొద్దుబారాయి, కొట్టేది వేళ్ళతో కాక మణికట్టుతో అన్నట్టు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం దెబ్బలు ఆగిపోయాయి. మొదటిరోజు గిన్నె నిండుగానే ఉంది. ఆమె పక్కన రెండోది పెట్టింది. మూడోరోజుకు బండ మీద మూడు గిన్నెలు వరసగా కూర్చున్నాయి. కాకి కూడా వాటిని ముట్టలేదు.

మూడు రోజులు గిన్నె కదలకపోతే కొట్టం వాకిలికి నాలుగు నాపబండలు అడ్డంపెట్టి, సందులు మట్టితో పూడ్చాలి. లోపలికి ఎవరూ తొంగిచూడరాదు. ఇది కట్టడి. ఊరి పెద్ద గోపన్న మనుషులతో బండలు మోయించుకుని గుట్టెక్కాడు.

బతికుంటే ఎట్ల అని ఈరక్క అడిగింది. గోపన్న అన్యాయం చేసే మనిషి కాదు. పిలిచి చూడమన్నాడు. జాగ్రత్త కోసం ఆమె చెవుల్లో దూది కుక్కించాడు, తనూ కుక్కుకున్నాడు, బండలు మోసినవాళ్ళూ కుక్కుకున్నారు. ఈరక్క వాకిలి ముందు నిలబడి కేకేసింది.

"ఏమప్పా, ఉండావా?"

అందరూ ఎంతో శ్రద్ధగా విన్నారు. జవాబు రాలేదు. గోపన్న కొంచెం బాధగానే తల ఊపి, బండలు లేపమని చేత్తో సైగ చేశాడు.

ఈరక్కకు తన రక్తం హోరు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఎండలో మనుషుల నోళ్ళు శబ్దం లేకుండా ఆడుతున్నాయి. మొదటి బండ వాకిలి దగ్గరికి వచ్చింది. అప్పుడు ఆమె అరికాళ్ళ కింద ఏదో తగిలింది. ఆ గుట్ట అంతా ఒకే రాయి. ఆ రాతిలోంచి, నెమ్మదిగా, ఒకటి. చాలాసేపటికి రెండు. ఇంకా చాలాసేపటికి మూడు.

ఆమె దూది పీకి పారేసింది.

చీకట్లోంచి గొంతు వచ్చింది. గుట్ట మీది గొంతులా లేదు. పక్కింటి అరుగు మీద నుంచి పలకరించినట్టుంది.

"ఈరక్కా, దగ్గు తగ్గిండాదా?"

ఆమె పన్నెండేళ్ళలో తన పేరు చెప్పింది లేదు, దగ్గింది ఇంట్లో.

"నా పేరు నీకెట్ల తెలుసప్పా?"

"తూర్పుగాలి తోలినప్పుడు ఊరంతా ఈడికే వస్తాది. అందరి మాటా వింటాండా. నా పేరు ఓబన్న. ఎవురన్నా అడుగుతారని దాచి పెట్టుకోని ఉండా." కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "కాలు చీము పట్టి లేయలేకపోతాండా. గోపన్న వచ్చినట్టుండాడే. పెండ్లాం పోయిన దినం నలుగుర్లో ఏడ్వలేదు. మూడో దినం చేన్లో ఏడిసినాడు, ఒక్కడే. పాపం, ఆ పొద్దు నేనూ ఏడిసినా."

గోపన్న ఏమీ వినలేదు. బండ సరిగ్గా నిలబెట్టమని సైగలు చేస్తున్నాడు. ఈరక్క అతని దగ్గరికి వెళ్ళి, ఊరి పెద్ద చెవిలో వేలు పెట్టడమనే అపచారానికి ఒడిగట్టి, దూది లాగేసింది.

"ఆయప్ప నీ మాటే చెప్తాండాడు. విను."

ఓబన్న మళ్ళీ చెప్పాడు. ఆ చేన్లో ఆ రోజు పెండ్లాన్ని గోపన్న పిలుచుకున్న ముద్దుపేరు కూడా చెప్పాడు. అది ఇద్దరికి తప్ప తెలియని పేరు, అందులో ఒకరు లేరు. గోపన్న మెల్లగా బండ మీద కూలబడ్డాడు. చాలాసేపటికి రెండో చెవిలోని దూది తనే తీసుకున్నాడు.

"ఓబన్నా," అన్నాడు లోపలికి చూస్తూ, "గంజి తాగుతావా?"

ఈరక్క లోపలికి వెళ్ళి తాపించింది. చీము కడిగి కట్టు కట్టింది.

ఆ నాలుగు బండలను కొట్టం ముందు అరుగుగా పరిచారు. సాయంత్రాలు గోపన్న అక్కడ కూర్చుని పెండ్లాం సంగతులు చెప్పేవాడు. చెప్పేటప్పుడు కొత్తవేమన్నా ఉన్నాయా అన్నట్టు ఓబన్న వినేవాడు. ఊళ్ళో మాత్రం తూర్పుగాలి తోలితే మొగుడూపెళ్ళాలు గొంతు తగ్గించి పోట్లాడుకునేవారు. ఈరక్క వేళ్ళు పదీ ఉన్నాయా అని జనం చాలాకాలం ఓరగా లెక్కపెట్టారు.

ఆమె మాత్రం తూర్పుగాలి కోసం కాచుకునేది. వాకిలి ఊడుస్తూ, పడమటికి తిరిగి, ఇవాళ ఎవరింట్లో ఏం వండారో మామూలు గొంతుతో చెప్పేది. చూసినవాళ్ళు ఆమె గాలితో మాట్లాడుతోందనుకునేవారు. చెప్పడం అయ్యాక చీపురు పక్కన పెట్టి, రెండు అరికాళ్ళూ నేలకు ఆనించి, మూడు దెబ్బల కోసం కాసేపు నిలబడేది.