అలకు ఎదురుగా మా మేనత్త పడవ

మొన్న మంగళవారం పొద్దున మా మేనత్త పోయింది. "చాయ తాగుకుంట, మంచిగ మాట్లాడుకుంటనే కన్ను మూసింది అక్కా" అని ఆమె బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. ఇద్దరం ఏడ్చాం. కాసేపటికి ఆమె తిట్లు ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని నవ్వుకున్నాం కూడా.

కరీంనగర్ పక్కన మానేరు డ్యాంలో మోటారు పడవ నడిపిన ఆడమనిషిని నేను ఆమెను తప్ప ఇంకెవరినీ చూడలేదు. ఆ పడవ వయసులో నాకంటే పెద్దది. మంథని దిక్కు గోదావరి మీద వంతెన కట్టాక రేవులో పనిలేక ఊరికే ఉంటే మామ కొనుక్కొచ్చాడు. ఆయన మస్కట్ పోయాక అత్త చుక్కాని పట్టింది. టేకు చెక్క, గుండ్రటి అడుగు, నడుమ బరువైన పాత డీజిల్ ఇంజను. రోజూ పొద్దున "లే ముసల్దానా, తెల్లారింది" అని దాన్ని తట్టి లేపేది. కొత్త ఫైబర్ పడవలు దాటిపోతుంటే, "పోనియ్. నిమ్మలమైన నీళ్ళల్ల అందరు ఉరుకుతరు" అనేది.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఎండాకాలంలో అవతలి ఒడ్డున ఒక పెళ్ళి. చుట్టు తిరిగి రోడ్డు మీద పోతే లగ్నం తప్పుతుందని పెళ్ళికొడుకుతో సహా పదిమందిమి అత్త పడవ ఎక్కాం. నడి నీళ్ళకు చేరామో లేదో గాలిదుమారం లేచింది. ఎటు చూసినా తెల్లటి నురుగు. పడవ పక్కకు ఒరిగి నీళ్ళు మా ఒళ్ళోకి వచ్చాయి.

పెళ్ళికొడుకు చిన్నాయన లేచి నిలబడి అరిచాడు. "గా ఒడ్డు దగ్గర్నే ఉన్నది గదక్కా! గటు తిప్పు!"

"గటు తిప్పితె అల పక్కకు గుద్దుతది, బోర్లపడుతం. ముందుగాల నువ్వు కూసో తమ్మీ."

అందరినీ పడవ అడుగున ఇంజను చుట్టూ కూర్చోబెట్టి, పడవ ముక్కును సరిగ్గా గాలికి ఎదురు తిప్పింది. ఒడ్డు దూరమవుతూనే ఉంది. అల ఎక్కేటప్పుడు ఆమె ఇంజనుకు కొంచెం జోరు ఇచ్చేది. అల నెత్తికి రాగానే తగ్గించేది. లేకపోతే వెనక నీళ్ళను తోసే ఇంజను రెక్కలు నీళ్ళలోంచి పైకి లేచి ఇంజను గోల పెట్టేది. దిగేటప్పుడు ముక్కు నీళ్ళలో గుచ్చుకోకుండా మెల్లగా దింపేది. పడవ ఊగింది, మూలిగింది, కానీ ప్రతి అల మీదికీ బాతులా ఎక్కింది.

"అత్తా, మునుగుతమా?"

"మునిగెటట్టుంటె గింత మంచి చీర కట్టుకుంటనా బిడ్డా? బకెట్ అందుకొని నీళ్ళు తోడు."

పెళ్ళికొడుకు కూడా బాసింగం తీసి పక్కన పెట్టి, దోసిళ్ళతో తోడాడు. అరగంటకు గాలి తగ్గాక అత్త ఒడ్డు దిక్కు తిప్పింది. దిగింది మాత్రం ఎవరిదో పుచ్చకాయల తోటలో! తడి బట్టలతో, బురద కాళ్ళతో పెళ్ళి పందిరికి నడిచాం. లగ్నం దాటిపోయింది. అయ్యగారు పంచాంగం తిప్పి ఇంకోటి వెతికి, మొదటిదానికంటే ఇదే మంచిదన్నాడు.

మరునాడు తిరిగి వచ్చేటప్పుడు నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అత్త మొదటిసారి చుక్కాని నా చేతికిచ్చి, ముందుకు పోయి, కాళ్ళు నీళ్ళలోకి జారవిడిచి కూర్చుంది.

"నిన్న నీకు భయం కాలేదా అత్తా?"

"కాకేం? పానం గొంతులకొచ్చింది. నేను పరేషానైనట్టు మీకెరుకైతె అందరు లేచి నిలబడుదురు."

 పెళ్ళి లడ్డు కొరుక్కుంటూ, నీళ్ళలో కాళ్ళాడిస్తూ కూర్చుంది. ఒడ్డు వచ్చేదాకా ఒక్కసారీ చుక్కాని దిక్కు తిరిగి చూడలేదు.