కాళీ ఫ్యాక్టరీ

ఆ ఉదయం కాళమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. సముద్రం నడుమ దీవిలోని మాయాబందర్ జెట్టీ నుంచి మొగుడు జోగులు ఆయాసపడుతూ మోసుకొచ్చిన కబురు అలాంటిది మరి.

"ఒలే, కలకత్తా నుండి కెమెరా బాబొకడు దిగినాడు. మన పడవ మాటాడుకున్నాడు. కాళీ ఫ్యాక్టరీ కా ఫోటో చాహియే అంటన్నాడే."

"నా పేరు ఆడికెవుడు సెప్పినాడు?"

"నాకేటి తెల్సు. నీ పేరే అన్నాడు, నా సెవుల్తో యిన్నాను."

సముద్రపు పాయకు అవతల మూతపడిన ప్లైవుడ్ ఫ్యాక్టరీలో, పెళ్లయిన కొత్తల్లో చేరి జుట్టు నెరిసేదాకా చెక్కపొరలకు జిగురు పట్టించింది ఆవిడే. బెంగాలీలకు, రాంచీవాళ్లకు, మన శ్రీకాకుళం వాళ్లకు, అందరికీ ఆవిడ కాళీ దీదీ. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఒకే ఒక్కసారి గ్రూపు ఫోటో తీశారు. ముందు నిలబడ్డ మేస్త్రీ టోపీ వెనక ఈవిడ ముఖం కాస్తా మాయమైంది. మిగిలింది ఒక చెవి, దానికో పోగు. ఆ చెవి చూపించి "ఇది నానే" అంటే మనవలు కూడా నమ్మలేదు. ఆ బాధ ఇన్నేళ్లూ ఆవిడ కడుపులోనే ఉంది.

ఇంకేముంది, పెట్టె అడుగున ఉన్న పట్టుచీర బయటికొచ్చింది. పక్కింటి గవరమ్మ తలలో ఇన్ని పూలు తురిమి, "సూసుకోయే, బాబు నిన్ను కలకత్తా అట్టుకుపోగల్డు" అని ఆటపట్టించింది. పడవెక్కినా కాళమ్మకు నవ్వాగలేదు.

ఫ్యాక్టరీ కప్పు సగం ఊడి ఎండ లోపలికి పడుతోంది. యంత్రాల మీదికి తీగలు పాకాయి. కాళమ్మ తిన్నగా తన జిగురు యంత్రం దగ్గరికెళ్లి, కొంగు సర్దుకుని, మెడ నిక్కించి నిలబడింది. కెమెరా బాబు తల గోక్కున్నాడు.

"దీదీ, థోడా హటియే. ఖాలీ ఫ్యాక్టరీ చాహియే. ఖాలీ. ఆద్మీ నహీ."

ఆయనకు కావలసింది మనిషన్నవాడు లేని ఖాళీ ఫ్యాక్టరీ. క అయినా ఖ అయినా మన నోటికి ఒకటేనాయె, జోగులు చెవికీ అంతే. కాళమ్మ ముఖం చిన్నబోయింది. కళ్ల నీళ్లు తిరిగాయి. పక్కకు తప్పుకుంది.

జోగులుకు ప్రాణం ఉసూరుమంది. "బాబూ, ఇస్‌కా నామ్ కాళీ. ఇదర్‌హీ కామ్ కర్తీ థీ," అని ఆవిడ పేరూ, ఇక్కడే పనిచేసిన సంగతీ చెప్పాడు తల దించుకుని.

బాబు ఆవిడ పట్టుచీరనూ, పూలనూ, ఆ యంత్రాన్నీ మార్చి మార్చి చూశాడు. సంగతి తలకెక్కేసరికి పొట్ట పట్టుకుని అక్కడున్న దుంగ మీద కూలబడి నవ్వాడు. నవ్వి నవ్వి లేచి, "ఖాలీ నహీ. కాలీ చాహియే," అని కాళమ్మను రమ్మని చెయ్యి ఊపాడు.

కాళమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టి పరుగెత్తుకొచ్చింది. కదలొద్దని బాబు ఎంత మొత్తుకున్నా ఆవిడ నవ్వు ఆగితేగా.

తర్వాతెప్పుడో స్టీమరులో వచ్చిన ఆ ఫోటో ఇప్పటికీ వాళ్లింటి గోడ మీద ఉంది. ఫ్యాక్టరీ ఎక్కడుందో వెతుక్కోవాలి, ఫోటో నిండా నవ్వుతూ ఊగిపోతున్న కాళమ్మే. చెవులు మాత్రం పూలు జారి కనబడవు.