ఏ పనీ చేయని తాడు

అది 1978. మస్కట్‌లో మత్రా రేవు దాటి కొంత దూరం పోతే, నల్లటి కొండల మధ్య ఒక చిన్న ఇసుక తీరం ఉండేది. మా అర్బాబ్ ఖల్ఫాన్ అక్కడ నాలుగు ఫైబర్ పడవలు పెట్టుకుని అద్దెకు తిప్పేవాడు. అర్బాబ్ అంటే యజమాని. శుక్రవారం సెలవు కాబట్టి కంపెనీల్లో పనిచేసే తెల్లవాళ్ళు, లెబనాన్ వాళ్ళు, మెల్లగా మన ఇండియన్ ఇంజనీర్లు, డాక్టర్లు కూడా రావడం మొదలుపెట్టారు. పడవకు డ్రైవర్ ఉండడు, తీసుకున్నవాళ్ళే నడుపుకోవాలి. నేను కాకినాడలో మరపడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పనిచేసి అక్కడికి వెళ్ళినవాణ్ణి. ఇంజన్లు చూసుకోవడం, వచ్చినవాళ్ళకు నడపడం చూపించడం, వాళ్ళు తిరిగొచ్చేదాకా ఒడ్డున నిలబడి ప్రాణం బిగబట్టుకోవడం నా డ్యూటీ. ఆ మూడోదానికి జీతం లేదు.

పడవ వెనక చెక్కకు తగిలించే ఇంజన్‌ను ఔట్‌బోర్డ్ అంటారు. దాని పెట్రోలు ట్యాంకు విడిగా పడవలో ఉంటుంది. ట్యాంకు మూత మీద ఎయిర్ వెంట్ అని ఒక చిన్న స్క్రూ. అది వదులు చేయకపోతే లోపలికి గాలి పోక, కాసేపటికి పెట్రోలు రావడం ఆగిపోతుంది. ప్రతివాడికీ చూపించేవాణ్ణి, ప్రతివాడూ తల ఊపేవాడు. కాసేపటికి కనుచూపు మేరలోనే ఆగిపోయి చొక్కా విప్పి ఊపేవాడు. లైఫ్ జాకెట్లు వేసుకోమంటే మెత్తగా ఉన్నాయని కింద వేసుకుని కూర్చునేవాళ్ళు. లంగరు వేయమంటే తాడు రెండో కొస పడవకు కట్టకుండా విసిరేసి, లంగరూ తాడూ కలిసి మునిగిపోతుంటే చూసి నవ్వేవాళ్ళు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఏమిటో నాకు ఆ తీరంలోనే తెలిసింది.

అర్బాబ్‌ది ఒక్కటే రూలు. పడవకు ‘ఖమ్సా నఫర్’, అయిదుగురు మనుషులు. చంటిపిల్ల అయినా నఫరే. దీనికి కారణం ఉంది. నీటి మట్టానికీ పడవ అంచుకూ మధ్య ఎత్తును ఫ్రీబోర్డ్ అంటారు. అయిదుగురు ఎక్కితే అది మూరెడు ఉంటుంది, ఎనిమిదిమంది ఎక్కితే జానెడు. పొద్దున సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది కాబట్టి జానెడు చాలనిపిస్తుంది. మధ్యాహ్నం గాలి లేచాక చాలదు.

ఆ శుక్రవారం సూర్యనారాయణ గారి కుటుంబం పొడుగాటి కారులో వచ్చింది. ఆయన మస్కట్‌లోనే రువి అనే చోట ఒక కంపెనీలో ఇంజనీరు, రాజమండ్రి వైపు మనిషి. భార్య, ఇద్దరు పిల్లలు, బావమరిది, అతని భార్య, వాళ్ళ పాప, వీళ్ళను చూడ్డానికి ఊరి నుంచి వచ్చిన ఆయన తల్లి. కారులోంచి చాపలు, పెద్ద స్టీలు గిన్నె నిండా పులిహోర, మంచినీళ్ళ బిందె దించారు. ఆ బిందెను చూడగానే నాకు తలనొప్పి మొదలైంది.

నా యాస వినగానే ఆయన మొహం విప్పారింది.

“మీరు తెలుగువారా? ఇంకేం, మన పని అయిపోయినట్టే” అన్నారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ నా పని సులువు చేయలేదు.

“పడవకు అయిదుగురేనండీ” అన్నాను.

“పెద్దవాళ్ళం అయిదుగురమే కదండీ. పిల్లల్ని కూడా లెక్కేస్తారేంటి?”

“నేను వేయకపోయినా నీళ్ళు వేస్తాయండీ.”

“మనలో మనకి రూల్సేంటండీ. కాస్త సర్దుకోండి.”

“సర్దుకోడానికి ఇది బస్సు కాదండీ. ఇంకో చిన్న పడవ ఖాళీగా ఉంది, అది కూడా తీసుకోండి. నేను చెప్పిన చోటికే వెళ్ళండి.”

ఇసుకలో కూర్చున్న తల్లి అప్పుడు తలెత్తింది. నన్ను కాదు, పడవనే చూస్తూ అంది. “రెండొద్దు బాబూ. ఒకదాంట్లో అయితే అందరం పోదాం. లేదంటే ఇంటికి పోదాం.”

పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ముసలమ్మ పంతం అనుకున్నాను. పంతాలు నాకు కొత్త కాదు, మా అమ్మమ్మది ఇంతకంటే పెద్దది. నేను కదలకపోయేసరికి సూర్యనారాయణ గారు బావమరిదిని పక్కకు తీసుకెళ్ళి ఏదో గుసగుసలాడి నవ్వుతూ తిరిగొచ్చారు. “మీరు చెప్పిందే రైటండీ. నేనూ, మా ఆవిడా, పిల్లలూ వెళ్ళొస్తాం. మిగతావాళ్ళు ఇక్కడే కూర్చుంటారు.” అంతసేపు వాదించిన మనిషి అంత తీయగా ఒప్పుకుంటే అనుమానించాలి. నా బుద్ధి ఆ పూట గడ్డి తిన్నది. అన్నీ చూపించి, ఎయిర్ వెంట్ నేనే వదులు చేసి, పడవ తోశాను.

మా దగ్గర పెట్రోలు డబ్బాలు మోసే మల్లయ్య అని ఒకతను ఉండేవాడు. కరీంనగర్ జిల్లా నుంచి సైట్ పనికి వచ్చి, ఎండకు తాళలేక మా అర్బాబ్ దగ్గర కుదురుకున్నాడు. సముద్రం పక్కనే ఉంటూ మోకాలు దాటి నీళ్ళలో దిగని మనిషి. నేను షెడ్డులో ఇంకో ఇంజన్ విప్పుకుని కూర్చుంటే తీరిగ్గా వచ్చి నిలబడ్డాడు.

“అన్నా, ఆ ముసలవ్వోల్లు ఈడ లేరు. కారేసుకొని గుట్ట అవతలి ఊరికి పోయిన్రు. బువ్వ గిన్నె సుత పట్కపోయిన్రు.”

“ఎప్పుడు?”

“పడవ పోంగనే. నువ్వే పొమ్మన్నవేమో అనుకున్న.”

గుట్ట అవతల జాలర్ల ఊరు ఒకటి ఉంది. కారు దారి అక్కడితో ఆఖరు. ఊరు దాటాక కొండ ఒకటి ముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ ముక్కు అవతల తెల్లటి ఇసుక, దానికి సముద్రం మీద తప్ప దారి లేదు. నా కంటికి ఆనని చోట మిగిలిన నలుగుర్నీ ఎక్కించుకుని ఆ ఇసుకకు పోయారన్నమాట. అప్పటికే షెడ్డు రేకులు గాలికి చప్పుడు చేస్తున్నాయి. గాలి లేస్తే ఆ ముక్కు దగ్గర అలలు రెండు వైపుల నుంచీ వచ్చి గుద్దుకుంటాయి. జానెడు అంచుతో, ముగ్గురు పిల్లలతో వీళ్ళు దాన్ని చుట్టి రావాలి.

చిన్న పడవ తీసుకుని బయలుదేరాను. దారిపొడుగునా నాకు వచ్చిన తిట్లన్నీ గట్టిగా తిట్టాను. సముద్రం మీద ఆ ఒక్క సుఖం ఉంది, ఎవరూ వినరు. జాలర్ల ఊరి ముందు వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన, నేను అడక్కముందే ఎనిమిది వేళ్ళు చూపించి, “తమానియా నఫర్” అని చెయ్యి ఆకాశం వైపు తిప్పాడు. ఇక దేవుడే దిక్కు అని దాని అర్థం.

ముక్కు దగ్గర అప్పుడే నురగలు మొదలయ్యాయి. దాన్ని దాటి చూద్దును కదా, అందరూ చాపల మీద కూర్చుని పులిహోర తింటున్నారు. నా ప్రాణం లేచొచ్చింది, వెంటనే కోపమూ లేచొచ్చింది. పడవ ఇసుక మీద అడ్డంగా పడి ఉంది.

“సమయానికొచ్చారండీ” అన్నారు సూర్యనారాయణ గారు. “మీ ఇంజన్ పాడైంది. శబ్దం బాగానే వస్తోంది, పడవ మాత్రం కదలట్లేదు.”

షియర్ పిన్ విరిగింది. నీళ్ళలో తిరిగి పడవను తోసే ఫ్యానును ఇరుసుకు పట్టి ఉంచే చిన్న పిన్ను అది. ఫ్యాను రాయికి తగిలితే లోపలి గేర్లు పోకుండా ముందు అది విరుగుతుంది. విరగడమే దాని పని. బరువుకు పడవ కిందికి దిగి నీళ్ళలో రాయి తగిలింది. కొత్త పిన్నులు సీటు కింద ఉంటాయని పొద్దున చూపించాను, తల ఊపారు. నేను పిన్ను మార్చి చూస్తే ఫ్యాను రెక్క ఒకటి వంగిపోయి ఉంది. ఇంజన్ వేస్తే పడవంతా వణుకుతోంది. దాన్ని నమ్ముకుని ముక్కు దాటడం కుదరదు.

ఆయన భార్య ఆకులో పులిహోర పెట్టి ఇచ్చింది. కోపంగానే తీసుకున్నాను, కోపంగానే తిన్నాను. చాలా బాగుంది. దాంతో ఇంకా మండింది.

“నా పడవకు మీ పడవ కట్టి లాక్కెళ్తాను” అని చెప్పాను. “అమ్మగారు, మీ ఆవిడ, మీ పిల్లలు నాతో వస్తారు. మీరు, మీ బావమరిది వాళ్ళు వెనక పడవలో. అందరూ జాకెట్లు వేసుకోండి, కింద వేసుకోవడం కాదు.”

తల్లి లేవలేదు. “అందరం దాంట్లోనే వచ్చాం. దాంట్లోనే పోతాం.”

“వచ్చేటప్పుడు గాలి లేదమ్మా. ఇప్పుడు అంచు మీంచి నీళ్ళొస్తాయి.”

“వస్తే అందరికీ వస్తాయి.”

నేను కొడుకు వైపు తిరిగాను. “ఎప్పుడూ ఇంతేనా అండీ?”

“రైలైనా అందరం ఒకే పెట్టెలో ఉండాలండీ ఆవిడకి” అన్నారాయన నీరసంగా. “చిన్నప్పట్నించీ అంతే.”

గాలి పెరుగుతోంది. నా ఓపిక అయిపోయింది. “ఈ పిల్లల్ని ముంచాలని ఉందా అమ్మా మీకు?” అనేశాను.

ఆవిడ నొచ్చుకోలేదు. “ముంచకూడదనే బాబూ” అంది. చేతిలోని ఆకును మెల్లగా మడిచి పక్కన పెట్టింది. “లంకలో పెళ్ళికెళ్ళి వస్తన్నాం. గోదారి నిండుగా ఉంది. రేవులో ఒకాయన, నీలాగే మంచోడే, బరువెక్కువైందని మమ్మల్ని రెండు పడవలు చేశాడు. ఆడోళ్ళం ఓదాంట్లో. ఈళ్ళ నాన్న, మా పెద్దోడు ఓదాంట్లో. ఈడు నా చంకలో ఉన్నాడు. మా పడవ ఒడ్డుకొచ్చింది.”

సూర్యనారాయణ గారు మూతి తుడుచుకుంటున్న రుమాలు అలాగే పట్టుకుని ఉండిపోయారు. తండ్రి, అన్న గోదాట్లో పోయారని ఆయనకు తెలుసు. పడవలు ఎలా పంచారో తెలియదని మొహం చూస్తే అర్థమైంది. నాకు జాలేసింది, కోపం మాత్రం పోలేదు. రెండూ ఒకేసారి వస్తే మాట తిన్నగా రాదు.

“ఈ సంగతి పొద్దున్నే చెప్పుంటే పోయేది కదమ్మా” అన్నాను.

“నువ్వు ఎంతమందని అడిగావు బాబూ. ఎనిమిదిమందిమని చెప్పాం.”

నేను ఇసుకలో ఆవిడ పక్కన కూలబడ్డాను. “రెండు పడవలూ తాడుతో కట్టేస్తానమ్మా. విడిపోవు” అన్నాను. నేను కట్టాక ఆవిడ లేచి వచ్చి ముడిని చేత్తో తడిమి చూసింది. “అయితే ఈ తాడు నేను పట్టుకుంటా” అంది. లాగే తాడు అలల్లో బిగుసుకుంటే వేళ్ళు తెగిపోతాయి. ముట్టుకోవద్దన్నాను. “నీ ముడి నీది, నా చెయ్యి నాది” అంది. ఈవిడతో వేగడం నా వల్ల కాదనుకుంటుంటే లంగరు తాడు కనబడింది. దాన్ని లంగరు నుంచి విప్పి ఒక కొస ఆవిడకూ, రెండో కొస వెనక పడవలో కొడుక్కూ ఇచ్చాను. లాగే తాడు కంటే కొంచెం వదులుగా ఉంచాను. అది దేన్నీ లాగదు, దేన్నీ ఆపదు.

“మీరు ఒకసారి గుంజితే ఆయన ఒకసారి గుంజాలి” అన్నాను. “అంతే.”

ఆవిడ వెనక్కి తిరిగి, కొడుకు పడవను చూస్తూ కూర్చుంది. ముక్కు దగ్గరికి వచ్చేసరికి అలలు గట్టిగా తగిలాయి. పిల్లలు తల్లి ఒడిలో తలలు దాచుకున్నారు. అల లేచినప్పుడు వెనక పడవ కనబడకుండా పోయేది. నాకు ముందు రాళ్ళ మీంచి కన్ను తిప్పే వీలు లేదు, పక్కన ఆవిడ చెయ్యి మాత్రం కంటి చివర కనబడుతోంది. ఆవిడ గుంజుతుంది, కాసేపటికి తాడు ఆవిడ చేతిని గుంజుతుంది. అంటే వెనక వాళ్ళున్నారు. అలా ఎన్నిసార్లో. సరిగ్గా ముక్కు చుట్టేటప్పుడు ఆవిడ గుంజితే జవాబు రాలేదు. మళ్ళీ గుంజింది. “ఒరే నాన్నా” అంది, కేక కాదు, పక్కనున్నవాణ్ణి పిలిచినట్టు. నేను తిరిగి చూడలేదు, చూస్తే అందరం రాళ్ళ మీదే. అప్పుడు ఆ చెయ్యి ఒక్కసారి వెనక్కి కదిలింది. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. పడవలోకి చేరిన నీళ్ళు తోడుతుంటే చేతులు ఖాళీ లేక ఆయన తాడు పళ్ళతో పట్టుకున్నారట, తర్వాత చెప్పారు.

జాలర్ల ఊరి ముందు దిగాక వల ముసలాయన మా వాళ్ళను వేలితో లెక్కబెట్టుకుని, తృప్తిగా తల ఊపి మళ్ళీ వల పట్టుకున్నాడు. ఆవిడ తాడు వదలడానికి కొడుకు ఒక్కొక్క వేలే విప్పాల్సి వచ్చింది. ఆయన నాకు చేతులెత్తి దణ్ణం పెట్టారు. నేను కూడా మెత్తబడుతున్నాను, అంతలో, “వచ్చే శుక్రవారం రెండు పడవలు ఇస్తారాండీ?” అన్నారు. నా తలనొప్పి తిరిగొచ్చింది. తల్లి మాత్రం నవ్వకుండా, “ఆ తాడిస్తే వస్తాం” అంది.

వచ్చారు కూడా. ఆ తాడును చిన్న పడవలోనే చుట్టి పెట్టాను. పులిహోర చేతులతో పట్టుకున్నందువల్ల ఒక కొసన పసుపు అంటింది, ఉప్పునీళ్ళకూ పోలేదు. “గిదెందుకన్నా, కోసి బట్టలారేస్కుంట” అని మల్లయ్య అంటే, ముట్టుకోవద్దన్నాను.

తప్పు వాళ్ళదేనని ఇప్పటికీ అంటాను. రూలు కూడా మారలేదు, ఖమ్సా నఫర్ అంటే ఖమ్సా నఫరే. కాకపోతే ఆ తర్వాత అక్కడ పనిచేసినన్నాళ్ళూ, ఎంతమంది అని అడిగాక ఇంకో మాట కూడా అడిగేవాణ్ణి. “రెండు పడవల్లో వెళ్తే మీలో ఎవరికైనా కష్టమా?” చాలామంది నవ్వేవాళ్ళు. ఎప్పుడో ఒకరు నవ్వేవాళ్ళు కాదు. వాళ్ళకు ఆ తాడు ఇచ్చేవాణ్ణి.